పాత లోగిలికి కొత్త వైరింగ్: గోడ చెక్కే ముందు తేల్చుకోవలసిన లెక్కలు

గోదావరి జిల్లాల్లో ఏ పాత మండువా లోగిలిలోకి వెళ్లినా ఆ ఇంటికి కరెంటు వచ్చిన దగ్గర నుంచి జరిగిన కథంతా గోడల మీదే కనిపిస్తుంది. చావడిలో దూలాల వెంట టేకు బద్దలు, వాటి మీద రేకు క్లిప్పులతో బిగించిన నల్ల వైరు, చివర గుండ్రని చెక్క, నల్లని బుడిపె స్విచ్చి. అది మొదటి తరం. దాని పక్కనే, ఇంట్లో పెళ్లి జరిగిన ఏడాది వేయించిన అల్యూమినియం వైరు. ఆ తర్వాత తెల్లని ప్లాస్టిక్ పట్టీ. దాని మీదుగా ఇన్వర్టరు లైను, ఏసీ కోసం కిటికీలోంచి లాగిన మరో తీగ. పాతదాన్ని తీసినవారు ఎవరూ లేరు. పక్కన ఇంకొకటి చేర్చి పని గడుపుకున్నవారే అందరూ.

ఇలాంటి ఇంటికి వైరింగ్ అంతా కొత్తగా వేయించాలని నిర్ణయించుకున్నాక సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది. పాత తీగ తీసి అదే దారిలో కొత్త తీగ వేయిస్తారు. రాగి మెరుస్తుంది, స్విచ్చిలు నాజూకుగా ఉంటాయి, బోర్డులో, హద్దు మించిన కరెంటును కట్టేసే ఎం.సి.బి.లు వరుసగా కూర్చుంటాయి. కాని ఇంటి లోడు ఏ తీగ మీద ఎంత పడుతుందన్న పాత పంపకం మాత్రం అలాగే ఉండిపోతుంది. నిజానికి రీవైరింగ్ అంటే ఆ పంపకాన్ని మళ్లీ చేయడం. తీగ ఖర్చు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దాని గురించి బేరాలు నడుస్తాయి. పంపకం కాగితం మీద జరగవలసిన పని కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు.

పంపకం అన్న మాట ఇక్కడ ఊరికే వాడింది కాదు. పెద్ద ఇళ్లలో చాలావాటికి ఎప్పుడో ఒకప్పుడు అన్నదమ్ముల వాటాలు పడ్డాయి. మండువా మధ్యలో గోడ లేచింది, వంటిళ్లు రెండయ్యాయి, మీటర్లూ రెండయ్యాయి. గోడల లోపలి తీగలకు మాత్రం ఆ దస్తావేజుతో సంబంధం లేదు. తమ్ముడి వాటాలోని మెట్ల దీపానికి ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ, అన్నగారి మీటరు నుంచి వస్తుంటుంది. అటక మీది బల్బు ఎవరి ఖాతాలో వెలుగుతోందో ఇరవై ఏళ్లుగా ఎవరికీ తెలియదు. తర్వాత వాటాలు మళ్లీ ఒకరి చేతికి వచ్చినా ఈ చిక్కుముడి విడిపోదు. బిల్లు తేడా సంగతి అటుంచితే ప్రాణం మీదికి వచ్చేది వేరే ఉంది: ఒక మెయిన్ కట్టేసి నిచ్చెన ఎక్కిన ఎలక్ట్రీషియన్‌కు రెండో మీటరు కరెంటు తగులుతుంది.

అందుకే మొదటి రెండు రోజులూ సుత్తి, ఉలి బయటికి తీయకూడదు. చేతిలో టెస్టరు, జేబులో పెన్సిలు, ఇంటి గదుల నమూనా గీసిన పెద్ద కాగితం ఉంటే చాలు. ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ ఏ గదిలో ఏ దీపం, ఏ ఫ్యాను, ఏ ప్లగ్గు ఆగిందో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. అన్ని ఫ్యూజులూ తీసినా వెలుగుతూనే ఉన్న దీపం ఎక్కడో ఒకటి దొరుకుతుంది. పాత ఇళ్లలో ఇంకో వింత కూడా బయటపడుతుంది. పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు ఫేజుకే కాక న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగకు, కూడా ఉంటాయి. న్యూట్రల్ ఫ్యూజు కాలిపోతే దీపం ఆగిపోతుంది, కరెంటు లేదనుకుంటారు. హోల్డరు దాకా ఫేజు మాత్రం బతికే ఉంటుంది. విడిగా తెగే ఫ్యూజు న్యూట్రల్‌లో పెట్టకూడదని 1956 నాటి భారత విద్యుత్ నియమాలే చెప్పాయి. ఆ ఫ్యూజులు గోడల మీద నేటికీ దర్శనమిస్తున్నాయి.

సర్వే అయ్యాక లోడు లెక్క. ఇక్కడ పుస్తకంలో లెక్క ఒకటి, లోగిలి లెక్క ఒకటి. నాలుగు పడకగదులకు ఒకటిన్నర టన్నుల ఏసీలు, ఒక్కొక్కటి 1.6 కిలోవాట్ల చొప్పున 6.4. నాలుగు స్నానాల గదుల్లో 2 కిలోవాట్ల గీజర్లు, మొత్తం 8. ఇండక్షన్ పొయ్యి 2, నీళ్లు వేడిచేసే వాషింగ్ మెషీన్ 2, ఓవెన్ 1.4. ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారు తీసుకునేది సుమారు 1.1. గ్రైండరు, మిక్సీ కలిపి ముప్పావు. దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు 1.2. అన్నీ కూడితే 23 కిలోవాట్లకు చేరువ. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి ఇందులో సగానికి తక్కువే చాలని ఇంజనీర్లు తగ్గిస్తారు. ఎండాకాలపు రాత్రి ఏసీలు నాలుగూ వేసినా 7.6 కిలోవాట్లే. గీజర్లకు అప్పుడు పని లేదు.

కాని ఇలాంటి ఇంటికి అసలు పరీక్ష మే నెల రాత్రి కాదు, భోగి తెల్లవారుజాము. ఏడాదంతా ఇద్దరు పెద్దవాళ్లు ఉండే ఇంట్లో ఆ మూడు రోజులూ హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి వచ్చిన పాతికమంది ఉంటారు. తలంట్లకు నాలుగు గీజర్లూ ఒకేసారి పడతాయి. 15 లీటర్ల గీజరు చల్లని నీళ్లను కాచడానికి 20 నిమిషాల దాకా తీసుకుంటుంది. ఒకరి తర్వాత ఒకరు క్యూలో ఉంటారు కాబట్టి రెండు గంటల పాటు ఏ గీజరూ ఆగదు. గీజర్లు 8, ట్యాంకు ఖాళీ అవుతుంటే మోటారు 1.1, పొయ్యి మీద కాఫీలు 2, గారెల పిండికి గ్రైండరు ముప్పావు, మిగతావి 1.2. అంతా కలిపి 13 కిలోవాట్లు. సగటు ఇంటి సూత్రాలు ఈ ఇంటికి సరిపోవు. ఇంటి లోడును నిర్ణయించవలసింది పండుగే.

13 కిలోవాట్లు సింగిల్ ఫేజు, అంటే ఒకే ఫేజు తీగ, మీద పడితే 230 వోల్టుల దగ్గర 56 ఆంపియర్లు దాటుతుంది. త్రీఫేజులో, అంటే మూడు ఫేజు తీగలకు, సమానంగా పంచితే ఒక్కో ఫేజుకు 19. అందువల్ల ఇంత ఇంటికి త్రీఫేజు తప్పదు. డిస్కంకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థకు, లోడు పెంపు దరఖాస్తు కూడా మొదట్లోనే పెట్టుకోవాలి, పని పూర్తయ్యాక కాదు. అయితే త్రీఫేజు తీసుకోవడం వేరు, పంచడం వేరు. గీజర్లన్నీ వెనుక వరుసలో ఉన్నాయని ఒకే ఫేజుకు తగిలించి, వీధివైపు దీపాలకు ఇంకో ఫేజు ఇస్తే కాగితం మీద త్రీఫేజు, భోగి నాడు సింగిల్ ఫేజు. గీజర్లను, ఏసీలను మూడింటికీ సర్దాలి. ఒకే గదిలో మాత్రం రెండు ఫేజులు రాకుండా చూసుకోవాలి. ఒకే బోర్డులో రెండు ఫేజుల ప్లగ్గులు పక్కపక్కన ఉంటే వాటి మధ్య 400 వోల్టులు ఉంటాయి.

త్రీఫేజుతో వచ్చే అసలు ప్రమాదం న్యూట్రల్‌ది. మీటరు దగ్గరో స్తంభం దగ్గరో న్యూట్రల్ వదులైతే లేదా తెగితే మూడు ఫేజుల లోడులూ ఒకదానికొకటి న్యూట్రల్‌గా మారతాయి. తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 300 దాటిపోతుంది. ఒక గదిలో బల్బులు మసగ్గా, ఇంకో గదిలో కళ్లు చెదిరేలా వెలిగాయంటే అర్థం ఇదే. కాసేపట్లో టీవీ, ఫ్రిజ్, రూటరు వరసగా పోతాయి. వోల్టేజి హద్దు దాటితే సరఫరా కట్టేసే పరికరం ఒకటి మెయిన్ బోర్డులో పెట్టించడానికి అయ్యే ఖర్చు ఒక టీవీ ఖరీదులో చిన్న భాగం.

తర్వాత తీగ మందం. పాతతరం ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ 3/22, 7/20 అనే మాట్లాడతారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది గేజీ. 3/22 అంటే 22 గేజీ పోగులు మూడు, ఇప్పటి లెక్కలో ఒకటి చదరపు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. 7/22 అంటే రెండున్నర (చదరపు మిల్లీమీటర్ల) వైరుకు దగ్గర. 7/20 నాలుగు వైరును మించుతుంది. దీపాలకు, ఫ్యాన్లకు ఒకటిన్నర, ప్లగ్గులకు రెండున్నర, గీజర్లకు, ఏసీలకు నాలుగు అన్నది ఇప్పుడు ఊళ్లలో అలవాటైన కొలత. మామూలు ఇంట్లో ఆ అలవాటు బాగానే పనిచేస్తుంది. వీధిలో మీటరు, పెరట్లో స్నానాల గది ఉన్న పొడుగాటి లోగిలిలో దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బోర్డు నుంచి పెరటి గీజరుకు 40 మీటర్లు అనుకుందాం. రానూ పోనూ 80 మీటర్ల తీగ, అంటే 90 మీటర్ల కాయిలు దాదాపు ఖాళీ. ఒకటిన్నర వైరుకు ఆ దూరంలో నిరోధం 0.97 ఓములు. రెండు గీజర్లు ఒకే లైను మీద లూపు చేస్తే, అంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి కలిపితే, 17 ఆంపియర్లు పైన పోతాయి, దారిలోనే దాదాపు 17 వోల్టులు తగ్గిపోతాయి. అంతకన్నా ముఖ్యం, 290 వాట్లు తీగలోనే వేడిగా ఖర్చవుతాయి. ప్లాస్టిక్ పైపులో, సున్నపు గోడ లోపల, ఎవరికీ కనిపించకుండా ఒక చిన్న హీటరు రెండు గంటలు వెలుగుతున్నట్టే. నాలుగు వైరు వేస్తే నష్టం 110 వాట్ల చుట్టూ ఆగుతుంది. గీజరుకొక లైను వేస్తే ఒక్కో లైనులో 28 వాట్లే. రెండు గీజర్లు కలిపినా అది 56, అంటే లూపు లైనులో పోయే దానిలో సగం. లైన్లు విడదీయడం విలాసం కాదనడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు. దీనికో సులువు కూడా ఉంది: పెరటి వైపునే రెండో డిస్ట్రిబ్యూషన్ బోర్డు పెట్టి, దానికి మెయిన్ నుంచి లావాటి కేబుల్ ఒకటి లాగితే అక్కడి నుంచి గీజర్లకు దూరం పది మీటర్లకు దిగుతుంది. మేడ మీద కూడా ఒక బోర్డు ఉండాలి. మేడ మీద దీపం పోతే కింది బోర్డు దాకా చీకట్లో మెట్లు దిగే ఏర్పాటు ఎవరికీ మంచిది కాదు.

కరెంటు లీకును పసిగట్టే ఆర్.సి.సి.బి. అనే పరికరం దగ్గరే ఇలాంటి పనులు ఎక్కువగా చతికిలబడతాయి. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని అది నిరంతరం సరిపోల్చుకుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అంటే ఆ కొంత కరెంటు మనిషి గుండానో తడి గోడ గుండానో భూమిలోకి పోతోందని తేలితే, సెకనులో చిన్న భాగంలో కట్టేస్తుంది. పాత న్యూట్రల్ పంపకాన్ని అలాగే ఉంచి ఇది పెడితే ఇల్లు ఒక పూట నిలవదు. మెట్ల దీపం తీసుకోండి. కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి. ఫేజు కింది బోర్డుది. న్యూట్రల్‌ను పైన దగ్గర్లో దొరికిన దానికి కలిపేశారు. పాత ఫ్యూజులకు దీనితో పేచీ లేదు. ఇప్పుడు మాత్రం కింది ఆర్.సి.సి.బి.కి పోయిన కరెంటు తిరిగి రాలేదు, పైదానికి పోని కరెంటు వచ్చింది. స్విచ్చి నొక్కగానే రెండింట్లో ఏదో ఒకటి పడిపోతుంది. ఇన్వర్టరు లైను కథా ఇంతే. కరెంటు పోయినప్పుడు వెలిగే దీపాల న్యూట్రల్, మామూలు ప్లగ్గుల న్యూట్రల్ ఒకే బోర్డులో ముడిపడి ఉంటాయి.

అప్పుడు జరిగేది అందరికీ తెలిసిందే. ఎలక్ట్రీషియన్ వస్తాడు, ఒక గంట వెతుకుతాడు. దొరక్కపోతే ఆర్.సి.సి.బి.ని బైపాస్ చేసి, పరికరం సున్నితంగా ఉందండీ అని చెప్పి వెళ్లిపోతాడు. పరికరం తప్పేమీ లేదు, అది నిజం చెప్పింది. వైరింగ్ ప్లానులో ప్రతి లైనుకూ దాని న్యూట్రల్ దానికే ఉండాలని, ఇన్వర్టరు లైన్లు ఫేజు, న్యూట్రల్ రెండూ విడిగా బోర్డు దాకా రావాలని రాసుకుంటే ఈ చిక్కే ఉండదు. తీగ నాలుగైదు కాయిళ్లు ఎక్కువ అవుతుంది. బేరంలో మొట్టమొదట కోత పడేదీ అక్కడే.

ఎర్తింగ్ గురించి ఒక పాత నమ్మకం ఉంది: గుంత తవ్వి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోస్తే సరిపోతుందని. ఎర్తు పైపు పెట్టడం అవసరమే. కాని అదొక్కటే ఏం చేస్తుందో చూడాలి. ఆ పైపుకు, నేలకు మధ్య నిరోధం 10 ఓములు అనుకుందాం. ఫ్రిజ్ లోపల ఫేజు రేకుకు తగిలింది. కరెంటు ఎర్తు తీగ గుండా నేలలోకి పోతుంది. ఎంత? 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. ఆ ప్లగ్గుకున్నది 16 ఆంపియర్ల ఎం.సి.బి. అది సి రకానిదైతే, వెంటనే పడిపోవడానికి 80 నుంచి 160 ఆంపియర్ల మధ్య పారాలి. వేడి వల్ల గంట లోపు తప్పకుండా పడిపోవాలన్నా 1.45 రెట్లు, అంటే 23.2 ఆంపియర్లు పారాలి. మన 23 దానికీ ఒక గీత కిందే ఉంది. అంటే గంట గడిచినా ఎం.సి.బి. పడకపోవచ్చు. అంతసేపూ ఫ్రిజ్ తలుపు పిడి మీద ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది. ఎర్తు ఉంది, ఎం.సి.బి. ఉంది, రక్షణ లేదు. అదే చోట ఆర్.సి.సి.బి. ఉంటే 23 ఆంపియర్లు దాకా ఎందుకు, 30 మిల్లీ ఆంపియర్లే చాలు. డెల్టా తడినేలలో ఎర్తు నిరోధం తక్కువ రావచ్చు. రాయలసీమ, తెలంగాణ రాతినేలల్లో 10 ఓములు సాధించడమే గగనం. నేల ఎలాంటిదైనా ఎర్తు, ఆర్.సి.సి.బి. రెండూ కలిసే పనిచేయాలి.

పాత ఇళ్లలో ఎర్తు తీగను ఇనుప నీళ్ల పైపుకు చుట్టి వదిలేసేవారు. అప్పట్లో ఆ పైపు భూమిలో బారుగా ఉండేది కాబట్టి ఎంతో కొంత పనిచేసేది. తర్వాత ప్లంబరు వచ్చి పైపులు ప్లాస్టిక్‌వి వేశాడు. ఆ రోజుతో ఇంటి ఎర్తు పోయింది. ఎవరూ గమనించలేదు.

ఇక గోడలు. మండువా ఇంటి గోడ అడుగున్నర మందం, సున్నం లేదా మట్టి అడుసుతో కట్టిన ఇటుక. నేటి సిమెంటు గోడలకు వాడే కటింగ్ మిషను దాని మీద పెడితే గాడి నిలవదు, చుట్టూ పెళ్లలుగా ఊడిపోతుంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డు గాడి ఆరో వంతు మించరాదన్నది కట్టుబడి నియమం. అయినా పాత గోడలో అడ్డు గాడి అసలు కొట్టకపోవడమే మంచిది. పైపులు దూలాల ఎత్తులో అటక మీదుగా పోనిచ్చి, స్విచ్చిబోర్డు దగ్గర మాత్రమే నిలువుగా దించాలి. చెక్కిన గాడిని సిమెంటుతో పూడ్చితే కొన్నేళ్లకు అది ఒక పలకలా విడిపోతుంది, సున్నపు గోడకు సున్నమే అతుకుతుంది. పైకప్పు టేకు వాసాల మీద నిలువిటుక పేర్చిన మద్రాసు మిద్దె అయితే దానికి సుత్తి తగలనివ్వకూడదు. ఫ్యాను కొక్కేలు దూలానికే బిగించాలి. పెంకుల కింద, అటక మీద ఎలుకలు ఉంటాయి కాబట్టి అక్కడ తీగ పైపు లేకుండా ఒక్క అడుగు కూడా పోకూడదు.

గోడలు బాగున్న చావడిలో, వసారాలో అసలు చెక్కనక్కర్లేదు. పైపులను గోడ మీదే చక్కగా వరుసలో బిగించవచ్చు. పాత టేకు బద్దల దారిలోనే అవి నడిస్తే ఇల్లు తన ముఖం పోగొట్టుకోదు, రేపు మరమ్మతుకు గోడ పగలగొట్టే పనీ ఉండదు. లోపల దాచడమే నాగరికమన్న అభిప్రాయం అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చింది. అడుగున్నర సున్నపు గోడకు అది అప్పు తెచ్చుకున్న అలంకారం.

పని వరుస విషయానికొస్తే, సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఎండలు ముదరక ముందే ముగించడం సుఖం. గోడలు పొడిగా ఉంటాయి, పూడ్చిన సున్నం ఆరడానికి సమయం ఉంటుంది, ఇంట్లో మనుషులూ తక్కువ. మొత్తం ఇల్లు ఒకేసారి చీకటి చేయకుండా మేడతో మొదలుపెట్టి, కింది భాగాన్ని పాత లైను మీదే నడిపి, పైది పూర్తయ్యాక అటు మారడం మేలు. ఈ మధ్యకాలంలోనే ప్రమాదాలు జరుగుతాయి: పాత లైను, కొత్త లైను రెండూ ఒకే గోడలో బతికి ఉంటాయి. ఎవరో తాత్కాలికంగా అని కలిపిన ముడి శాశ్వతమైపోతుంది. పాయింటుకింత అని మేస్త్రీతో మాట్లాడుకునే పద్ధతి చిన్న ఇళ్లకు సరే. ఇక్కడ మాత్రం లైన్ల సంఖ్య, బోర్డుల సంఖ్య, తీగ మందం కాగితం మీద రాసుకోకపోతే పాయింట్లు సరిగ్గానే లెక్క వస్తాయి, వాటి వెనక పది పాయింట్లకు ఒకే లైను ఉంటుంది. ఈ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత చేయించడం నిబంధన కూడా.

ఇంటి పైకప్పు మీద సౌర పలకలు పెట్టే ఆలోచన ఉంటే దానికి దారి ఇప్పుడే వదలాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల రాయితీ ఉండడంతో చాలామంది వైరింగ్ అయిన ఏడాదికే మళ్లీ గోడలు తవ్వుతున్నారు. పైకప్పు నుంచి మెయిన్ బోర్డు దాకా ఒక ఖాళీ పైపు, కారు నిలిపే చోటికి ఇంకొకటి వేసి మూతులు మూసి ఉంచితే ఖర్చు దాదాపు లేనట్టే. ఇంటర్నెట్, కెమెరా తీగలకు వేరే పైపు ఉండాలి. కరెంటు తీగల పైపులోనే వాటిని దూర్చడం సోమరితనం.

తీగలు లాగాక, స్విచ్చిలు బిగించక ముందు ఇన్సులేషన్‌ను పరీక్షించే 500 వోల్టుల మెగ్గరుతో ప్రతి లైనూ చూడాలి. ఇన్సులేషన్ నిరోధం ఒక మెగా ఓముకు తగ్గకూడదు. కొత్త తీగకు అంతకన్నా చాలా రెట్లు ఎక్కువ వస్తుంది. రాలేదంటే గోడలో ఎక్కడో మేకు దిగిందనో, పైపు అంచుకు తోలు ఊడిందనో అర్థం. గోడ పూడ్చక ముందు అయితే అది పావుగంట పని. పూడ్చక ముందే ఇంకో పని కూడా ఉంది: ప్రతి గోడకూ టేపు ఆనించి, మూల నుంచి గాడి ఎన్ని అడుగుల దూరంలో ఉందో కనిపించేలా ఫొటో తీసుకోవడం. ఆ ఫొటోలు, లైన్ల కాగితం ఒక నకలు మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అంటించి, ఒక్కో ఎం.సి.బి. కింద ‘మేడ తూర్పు గది ఏసీ’, ‘పెరటి గీజరు 2’ అని తెలుగులో రాయించాలి. పదేళ్ల తర్వాత ఆ తలుపు తీసేది ఈ పని చేసినవాడు కాదు.